ఇంటి పట్టాలు, రైలు పట్టాలు: డెల్టా ఊళ్లలో చవక ఇంటి అసలు లెక్క

తాడేపల్లిగూడెం గానీ, నిడదవోలు గానీ, భీమవరం టౌన్ గానీ, తెల్లవారుజామున నాలుగున్నరకు స్టేషన్ బయట నిలబడితే ఊరి కష్టార్జితంలో సగం కళ్ల ముందు నుంచే నడిచిపోతుంది. ఇడ్లీ బండి మీద రెండో వాయి దిగుతుంటుంది. పూలగంపలు, ఆకుకూరల మూటలు ఆటోల్లోంచి దించి ప్లాట్‌ఫాం మీదకు చేరేస్తుంటారు. రొయ్యల ప్లాంటులో షిఫ్టుకు వెళ్లే ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని వ్యాను కోసం చూస్తుంటారు. ఇంకో గంటకి సీజన్ టికెట్ జనం మొదలవుతారు. ఒకరికి విజయవాడలో ఆఫీసు, ఒకరికి రాజమండ్రి తాడితోటలో బట్టల కొట్టు, ఒకరికి ఏలూరులో కోర్టు పని. వీళ్లందరికీ రోజూ స్టేషన్ సెంటరుతోనే పని. అయినా చిన్న సంపాదన మీద స్టేషన్‌కు నడిచి వచ్చే దూరంలో ఉండగలిగేది ఎవరంటే, తాతల నాటి ఇల్లు మిగిలినవాళ్లు, లేదంటే పోరంబోకులో రేకులు వేసుకున్నవాళ్లు.

ప్రభుత్వం ఇచ్చిన ఇళ్లేమో ఇంకో దిక్కున ఉన్నాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) 2015 జూన్‌లో మొదలైంది. దాని కింద రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు కట్టించింది. రాష్ట్రంలో ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 2020 డిసెంబర్ 25న ఇళ్ల స్థలాల పంపిణీ మొదలుపెట్టి, పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున ఇచ్చింది. పార్టీలు మారాయి, ఇంటి నమూనా మారింది, పేరు ఎలాగూ మారింది. మారనిది ఒక్కటే: స్థలం ఊరి బయట. ఇంటి పట్టాలు ఒక దిక్కు, రైలు పట్టాలు ఒక దిక్కు.

ఊరి బయట ఎందుకంటే అక్కడ భూమి చవక అంటారు. డెల్టాలో ఈ మాటను కాస్త ఆగి వినాలి. ఇక్కడ భూమి చవకగా దొరికిందంటే చాలాసార్లు అది పల్లం. రాజమహేంద్రవరం పేదల ఇళ్ల కోసం కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములు కొన్న వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆవ అన్న పేరులోనే సంగతంతా ఉంది. నీళ్లు చేరే చోటును గోదావరి జిల్లాల రైతు ఆవ అంటాడు. పేరు పెట్టినవాడికి తెలిసిన విషయం ఫైలు కదిపినవాళ్లకు తెలియకుండా ఉంటుందా!

ఎకరం పొలాన్ని ఒక్క మీటరు మెరక చేయాలంటే సుమారు 4,000 ఘనపు మీటర్ల మట్టి కావాలి. పది ఘనపు మీటర్లు పట్టే పెద్ద టిప్పర్లయితే నాలుగు వందలు. అదీ రోలరు తొక్కించిన తర్వాత దిగే మట్టిని లెక్కలో వేయకుండా. భూమి ధరలో మిగిలిందనుకున్నది టిప్పరు బాడుగలో పోతుంది. ఆ పైన రోడ్డు, కరెంటు, మంచినీటి పైపు, మురుగు కాలువ అన్నీ ఊళ్లోంచి అక్కడిదాకా లాగాలి.

ఇది ప్రభుత్వం పెట్టే ఖర్చు. ఇంట్లోవాళ్లు పెట్టేది వేరే ఉంది. కాలనీ నుంచి స్టేషన్ సెంటరుకు షేర్ ఆటోలో మనిషికి 20 రూపాయలు అనుకుందాం. ఇంట్లో ఇద్దరు పనికి వెళ్తే రానుపోను రోజుకు 80. నెలకు 25 రోజులకు 2,000 రూపాయలు. ఇదే 2,000 బ్యాంకు వాయిదాగా కడితే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువు మీద దాదాపు 2.3 లక్షల అప్పు తీరుతుంది. అంటే ఊరి బయట ఇల్లు స్టేషన్ పక్క ఇంటి కంటే 2.3 లక్షలు తక్కువకు వచ్చినా ఆ కుటుంబానికి మిగిలేదేమీ లేదు. పీఎంఏవైలో ఇలాంటి ఒక్కో ఫ్లాటుకు కేంద్రం ఇచ్చిన సాయం 1.5 లక్షలు. ఆటో ఖర్చు దాన్ని మింగేసి ఇంకా పైకే ఉంటుంది. చివరి ఆటో వెళ్లిపోతే ఏంటన్న టెన్షన్‌కి రూపాయల్లో లెక్క కట్టడం ఎటూ కుదరదు.

కాబట్టి అడగాల్సింది ఇల్లు ఎంత అని కాదు. ఇల్లూ దారీ కలిపి ఎంత అని.

ఆ లెక్క వేస్తే స్టేషన్ పక్క ఖరీదైన స్థలం కూడా అందుబాటులోకి వస్తుంది, కాకపోతే సెంటు చొప్పున పంచితే రాదు. ఎకరానికి వంద సెంట్లు. రోడ్లకు, ఖాళీ జాగాకు నలభై తీసేస్తే అరవై ఇళ్లు. ఒక్కో ఇంటికి 48.4 గజాలు, పక్కింటి గోడకు మన గోడ ఆనుకుని. అదే ఎకరంలో కింద స్టిల్టు, అంటే గోడల్లేకుండా స్తంభాలే ఉండే ఖాళీ అంతస్తు, వదిలి పైన నాలుగు అంతస్తులు వేస్తే, ఒక్కో ఇంటికి కారిడార్లు మెట్లతో కలిపి 50 చదరపు మీటర్లు పోయినా 120 ఇళ్లు పడతాయి. భవనం నేల మీద ఆక్రమించేది ఎకరంలో నలభై శాతం లోపే. మిగతాది చెట్టుకు, చెరువుకు, పిల్లలకు. స్టేషన్ దగ్గర గజం ధర ఊరి బయట కంటే రెట్టింపు ఉన్నా ఇంటికి పడే భూమి ఖర్చు రెండు చోట్లా ఒకటే.

అయితే స్టేషన్ పక్కన అంత స్థలం ఎక్కడుంది? డెల్టా ఊళ్లలో స్టేషన్ చుట్టూ తిరిగి చూస్తే వాడకం తగ్గిన గూడ్స్ షెడ్డు, మూతపడిన పాత రైస్ మిల్లు, పాడుబడిన గోడౌను, పిచ్చిమొక్కలు మొలిచిన రైల్వే క్వార్టర్లు ఇలా ఏదో ఒకటి తగులుతుంది. ఆ క్వార్టర్ల ముందు ఒక నిమిషం ఆగాలి. స్టేషన్ పక్కన చిన్న జీతగాడికి ఇల్లు కట్టాలన్న ఆలోచన ఈ దేశంలో ముందు చేసింది రైల్వేలే. పోర్టరుకు, గ్యాంగ్‌మన్‌కు, గార్డుకు పని చేసే చోటికి నడిచి వెళ్లే దూరంలో ఇల్లు ఉండేది. మందపాటి గోడలు, ముందు వసారా, ఎత్తైన కప్పు, కప్పు కింద వెంటిలేటర్లు. రైలు పక్కనే ఉండి నిద్రపోవడం ఎలాగో ఆ ఇళ్లు కట్టినవాళ్లకు తెలుసు.

ఇప్పుడు రైల్వే ఖాళీ భూముల సంగతి చూడటానికి రైల్ ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ ఉంది. దాని పని ఆ భూముల నుంచి ఆదాయం తేవడం. ఎక్కువ పాటకు ఇమ్మంటే వచ్చేది షాపింగ్ కాంప్లెక్సో, కల్యాణ మండపమో తప్ప పేదల ఇల్లు కాదు. అమృత్ భారత్ స్టేషన్ పథకం కింద 2023 ఆగస్టు 6న దేశంలో 508 స్టేషన్ల పనులకు ఒకేసారి శంకుస్థాపన జరిగింది. ఆ పథకం డెల్టా స్టేషన్లకూ వచ్చింది. ముందువైపు ఆర్చీలు, లైట్లు, పార్కింగ్, పాదచారుల వంతెన. అన్నీ అవసరమే. స్టేషన్ గేటుకు అర కిలోమీటరు దూరంలో ఎవరు ఉండాలన్న ప్రశ్న మాత్రం ఆ డ్రాయింగుల పరిధిలోకి రాదు, అది మునిసిపాలిటీది. మునిసిపాలిటీ మాస్టర్ ప్లానులో స్టేషన్ అంటే ఒక రంగు చుక్క.

ఇక అసలు డిజైన్ దగ్గరకు వస్తే, ముందు తేల్చుకోవాల్సింది స్థలం పట్టాలకు ఏ పక్కన ఉందన్నది. నక్షాలో రెండు పక్కలూ ఒకేలా కనిపిస్తాయి. బతకడానికి మాత్రం అవి రెండు వేరు వేరు ఊళ్లు.

హౌరా–చెన్నై మెయిన్ లైన్ ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం మీదుగా నిడదవోలు వైపు కాస్త ఈశాన్యానికి ఒరిగి, మొత్తం మీద పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. వేసవి సాయంత్రం డెల్టాకు ప్రాణం పోసే పైరగాలి సముద్రం మీద నుంచి, దక్షిణపు దిక్కు నుంచి వస్తుంది. మధ్యాహ్నం ఉక్కతో అల్లాడిన మనిషి ఐదింటికి అరుగు మీదకు వచ్చి కూర్చునేది దాని కోసమే. పట్టాలకు దక్షిణం పక్క స్థలమైతే, గాలి ఒక పక్క నుంచి వస్తుంది, రైలు చప్పుడు దానికి ఎదురు పక్క నుంచి వస్తుంది. ఇంటి వెన్ను రైలుకు, ముఖం గాలికి పెడితే సరిపోతుంది. ఉత్తరం పక్క స్థలమైతే గాలీ చప్పుడూ ఒకే కిటికీలోంచి వస్తాయి. కిటికీ తెరిస్తే గూడ్సు బండి, మూస్తే ఉక్క. రెట్టింపు అద్దాలు పెట్టి ఏసీ వేయమనడం నెలకు వెయ్యి రూపాయల కరెంటు బిల్లుకే భయపడే ఇంటికి చెప్పే మాట కాదు.

దక్షిణం పక్క స్థలంలో ఒక ఇల్లు ఎలా ఉండాలో గీసి చూద్దాం. నాలుగున్నర మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవు. మొత్తం 36 చదరపు మీటర్లు, అంటే 390 అడుగులకు కొంచెం తక్కువ. ఉత్తరాన, రైలు వైపు, అంతస్తు పొడవునా ఆరడుగుల వరండా. దానిలోంచే అన్ని ఇళ్లకూ దారి. తలుపు తీసి అడుగు పెట్టగానే పడమటి మూల బాత్రూం, ఆ పక్క నుంచి లోపలికి సాగే హాలు. హాలు దాటాక దక్షిణపు గోడకు ఆనుకుని తూర్పు మూలన వంటగది, పడమటి మూలన పడకగది. పడకగదికి చిన్న బాల్కనీ. వరండా, బాత్రూం కలిసి రైలు చప్పుడుకు అడ్డం పడతాయి. పడుకునే గది పట్టాలకు అన్నిటికంటే దూరంగా, గాలికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఉత్తరపు సింహద్వారం, ఆగ్నేయాన వంట, వాయవ్యాన బాత్రూం, నైరుతిన పడక. వాస్తు సిద్ధాంతి వచ్చి చూసినా వేలు పెట్టడానికి చోటు దొరకదు. వాస్తును నమ్మాలా వద్దా అన్నది వేరే చర్చ. కానీ వాస్తు కుదరలేదని ఇచ్చిన ఇంటిని అద్దెకిచ్చి వెళ్లిపోయేవాళ్లు ఈ జిల్లాల్లో ఉన్నారు, కాబట్టి ఆర్కిటెక్టు దాన్ని చాదస్తమని పక్కన పెట్టేస్తే ఇల్లు ఖాళీగా మిగులుతుంది.

హాలుకు నేరుగా దక్షిణపు కిటికీ లేదు కదా, గాలి ఎలా వస్తుంది? దీనికి జవాబు పాత మండువా ఇళ్లలోనూ, ఆ రైల్వే క్వార్టర్లలోనూ ఉంది: తలుపుల పైన వెంటిలేటరు. పడకగది తలుపు మూసినా దాని నెత్తిన జానెడు ఖాళీ ఉంటే దక్షిణపు గాలి హాలులోకి వచ్చి, వరండా వైపు వెంటిలేటరులోంచి వేడిని బయటకు తోస్తుంది. ఇప్పటి ఫ్లాట్లలో తలుపు చట్రం పైన గోడ మూసేయడం ఎప్పుడు అలవాటైందో కానీ, ఫ్యాను రాత్రంతా అదే వేడి గాలిని తిప్పుతూ ఉండటానికి సగం కారణం అదే. వరండా వైపు వెంటిలేటరుకు మాత్రం చెక్క రెక్క ఒకటి పెట్టాలి, రాత్రి గూడ్సు బండ్లు ఎక్కువగా నడిచే వేళకు మూసుకోవడానికి.

చప్పుడు గురించి ఒక భ్రమ ఉంది, దూరం జరిగితే తగ్గిపోతుందని. రైలు చుక్కలాంటి మోత కాదు, గీతలాంటి మోత. బారుగా పోయే బండి శబ్దం దూరం రెట్టింపైనా మూడు డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. చెవికి సగం తగ్గినట్టు అనిపించాలంటే పది తగ్గాలి. నివాస ప్రాంతంలో రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. స్టేషన్ దగ్గర ఆ అంకె దూరంతో రాదు, అడ్డంతోనే వస్తుంది. కింది అంతస్తుకు ప్రహరీ గోడ అడ్డం. పై అంతస్తులకు వరండా పిట్టగోడ అడ్డం, అది ఇనుప కమ్మీలు కాకుండా నాలుగడుగుల ఇటుక గోడ అయితే. పట్టాలు కింద ఉంటాయి కాబట్టి పైకి వెళ్లేకొద్దీ ఆ పిట్టగోడ ఇంకా బాగా కాస్తుంది.

ఆ వరండాలో చేయకూడనిది ఒకటుంది. బట్టలు ఆరేయడం. గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి, అంటే ఇంటి మీద నుంచి పట్టాల మీదకు వీస్తుంది. పట్టాల మీద ఉన్నది 25,000 వోల్టుల తీగ. క్లిప్పు ఊడిన చీర ఒకటి ఎగిరి దాని మీద పడితే రైళ్లు ఆగిపోతాయి, దాన్ని కర్రతో తీయబోయిన మనిషి బతకడు. బోర్డు పెట్టి వద్దంటే ఎవరూ వినరు, ఎండ తగిలే చోటు వేరే చూపించాలి. దక్షిణపు బాల్కనీలో నాలుగు దండేలు, బయటకు గ్రిల్లు. డిజైన్‌లో ముందే ఇవ్వకపోతే ఏడాది లోపు వరండా నిండా తాళ్లు కడతారు, అది వాళ్ల తప్పు కాదు.

ఉత్తరం పక్క స్థలమే దొరికితే? అప్పుడు ముందు వరస ఇళ్లకు ఇవ్వకూడదు. పట్టాల వైపు అంచున కొట్లు, సైకిల్ స్టాండు, గోడౌను, కుట్టు కేంద్రం లాంటివి బారుగా పెట్టి, వాటి వెనక భవనాలను పట్టాల వెంట బారుగా కాకుండా పట్టాలకు నిలువుగా, దువ్వెన పళ్లలా నిలబెట్టాలి. ఒక్కో భవనానికి చివరి గోడ మాత్రమే రైలు వైపు ఉంటుంది, భవనాల మధ్య సందుల్లోంచి గాలి లోపలికి దూరుతుంది. దీనికి పడే జరిమానా పడమటెండ. గదులు తూర్పు పడమరలకు తిరుగుతాయి కాబట్టి పడమటి గోడకు లోతైన చూరు, వెదురు తడికలు తప్పవు. ఇది రాజీ, దక్షిణం పక్క స్థలానికి సాటి రాదు. రెండు పక్కలా స్థలం ఉంటే, ధర కాస్త ఎక్కువైనా దక్షిణం పక్కదే కొనాలి. మెయిన్ లైన్‌కి చెప్పిన ఈ దిక్కులు అన్ని చోట్లా ఇలాగే ఉండవు, నరసాపురం, కాకినాడ లైన్లకు మళ్లీ దిక్సూచి పట్టుకుని చూసుకోవాల్సిందే.

రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం రైల్వే హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి, లేదా రైల్వే నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. బిల్డర్లు దీన్ని నష్టంగా చూసి పత్రం కోసం తిరుగుతారు. పేదల ఇళ్లకు ఆ 30 మీటర్లు వదిలేయడమే మంచిది. డెల్టా నేల మెత్తటి బంకమట్టి. బరువైన బండి వెళ్తుంటే అదురు ఆ మట్టిలో దూరం పాకుతుంది. వదిలిన పట్టీలో రోడ్డు, బండ్ల స్టాండు, తీగల దాకా ఎదగని పొట్టి చెట్లు పెట్టుకోవచ్చు. నీళ్లు నిలిచే గుంట కూడా అక్కడే.

ఆ గుంట చాలా చోట్ల ముందే ఉంటుంది. రైలు కట్ట వేసేటప్పుడు మట్టి పక్కనుంచే తవ్వి పోశారు. అందుకే స్టేషన్ మెరక మీద ఉంటే దాని పక్క నేల పల్లంలో, తూటుకాడ, గుర్రపుడెక్క పట్టి ఉంటుంది. వానకు ఊరి నీళ్లన్నీ ఆ గుంటల్లో చేరి, కట్ట కింద తూముల్లోంచి అవతలికి మెల్లగా దిగుతాయి. స్థలం దొరికింది కదా అని గుంటను గ్రావెల్‌తో పూడ్చేస్తే కొత్త ఇళ్లు పొడిగా ఉంటాయి, వెనక వీధి మునుగుతుంది. ఎర్రకాలువ పొంగిన ఏడాది తాడేపల్లిగూడెం, నిడదవోలు పరిసరాల్లో నీళ్లకు దారి ఎంత అవసరమో ఎవరికీ వివరించక్కర్లేదు. గుంటను పూడ్చకుండా పూడిక తీసి, గట్టు కట్టి ఉంచుకుని, ఇళ్లను స్టిల్టు మీద లేపడం చవకైన దారి. టిప్పర్ల ఖర్చు అక్కడే మిగులుతుంది.

పునాది సంగతి క్లుప్తంగా. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగుళ్లిచ్చే మట్టి. మామూలు పునాది వేస్తే మూడో ఏడాదికి గోడ మీద ఏటవాలు పగులు ఖాయం. కింద ఉబ్బెత్తు గడ్డ ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ ఇలాంటి నేలకే. అంతస్తులు పెరిగినా, బంకమట్టి లోతుగా ఉన్నా గట్టి పొర దాకా దిగే పైల్స్ కావాలి. భీమవరం, నరసాపురం వైపు భూమిలో ఉప్పు ఎక్కువ కాబట్టి స్లాగ్ సిమెంటు వాడి, కమ్మీ మీద కాంక్రీటు కవరు ఎక్కువ ఉంచాలి. గోడలకు మొత్తం కాంక్రీటు పోసే షియర్ వాల్ పద్ధతిలో ఇళ్లు వేగంగా లేస్తాయి, నిజమే. కానీ సన్నటి కాంక్రీటు గోడ మే నెలలో ఇటుక గోడ కంటే త్వరగా వేడెక్కుతుంది, ఒక మేకు కొట్టాలన్నా డ్రిల్లింగ్ మిషన్ తేవాలి. నాలుగంతస్తులకు పిల్లర్లు వేసి మధ్యలో ఫ్లైయాష్ ఇటుక పేర్చడం నెమ్మదే అయినా ఊళ్లో మేస్త్రీలకు తెలిసిన పని, డబ్బు కూడా ఊళ్లోనే ఉంటుంది.

నీళ్ల దగ్గర డెల్టాకు ఒక విచిత్రమైన పరిస్థితి. చుట్టూ కాలువలే, వేసవిలో తాగడానికి నీళ్లు ఉండవు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మళ్లీ వదిలేదాకా ఊళ్లు మంచినీటి చెరువుల మీదే నడుస్తాయి. కింది డెల్టాలో బోరు వేస్తే ఉప్పు నీళ్లు. కాబట్టి 120 ఇళ్ల భవనానికి రెండు పైపులు కావాలి: తాగడానికి ఒకటి, వాడకానికి ఒకటి. మురుగు ఇంకా పెద్ద తలనొప్పి. వానాకాలంలో నేలలో నీళ్లు అడుగు లోతుకే తగులుతుంటే సెప్టిక్ ట్యాంకు పక్కన ఇంకుడు గుంట ఇంకదు, వెనక్కి తంతుంది. చిన్న శుద్ధి ప్లాంటు తప్పదు. ప్లాంటంటే మోటారు, మోటారంటే కరెంటు బిల్లు.

ఈ బిల్లు దగ్గరే పేదల అపార్ట్‌మెంట్లు చచ్చిపోతాయి. కట్టినవాళ్లు తాళాలిచ్చి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఆరు నెలలకు లిఫ్టు ఆగుతుంది, ఏడాదికి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు కాలిపోతుంది, చందా ఎవరివ్వాలని గొడవ మొదలవుతుంది. స్టేషన్ పక్క స్థలానికి ఊరి బయట కాలనీకి లేని ఒక సాయం ఉంది: నేల మీద వీధి వైపు పది కొట్లు పెడితే అద్దెకు తీసుకునేవాళ్లు వరసలో నిలబడతారు. ఆ అద్దె ఇంకెక్కడికీ పోకుండా లిఫ్టుకు, మోటారుకు, వాచ్‌మన్‌కు మాత్రమే ఖర్చయ్యేలా మొదటి రోజే రాసుకోవాలి. పొడుగు వరండా ఇక్కడ కూడా ఉపయోగపడుతుంది. ఒక్కో మెట్ల చుట్టూ నాలుగేసి ఫ్లాట్లు పెడితే నాలుగిళ్లకో లిఫ్టు కావాలి. వరండా పద్ధతిలో అంతస్తుకు పదిహేను ఇళ్లకు ఒకటి చాలు.

స్టిల్టును కార్లకు వదిలేయాలనుకుంటారు. స్టేషన్ పక్క చిన్న సంపాదనపరుల ఇంట్లో కారు ఉండదు, బండి ఉంటుంది, అదీ తోపుడు బండి. ఇడ్లీ బండి, జామకాయల బండి, పల్లీల బండి రాత్రి ఎక్కడ పెట్టుకోవాలన్నది వాళ్లకు ఇంటి తర్వాత అంత పెద్ద సమస్య. వీధిలో వదిలితే చక్రం పోతుంది, లేకపోతే మర్నాడు ఎవరో ఒకరు వచ్చి తీసేయమంటారు. గొలుసు వేసుకోవడానికి నేలలో ఇనుప కడియాలు, సామాన్లు కడుక్కోవడానికి కుళాయి, గ్రీజు పట్టే జాలీ ఉన్న కాలువ. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు. గీసిన ప్లానుల్లో ఇవి కనిపించవు, ఎందుకంటే గీసినవాళ్లు ఎప్పుడూ బండి తోయలేదు.

చివరిగా హక్కు సంగతి. రైల్వే భూమి లీజుకే వస్తుంది, ఇంటి పట్టా రాదు. దీన్ని పెద్ద అడ్డంకిగా చెబుతారు కానీ ఇక్కడ అది మేలే. స్టేషన్ పక్క ఫ్లాటును లబ్ధిదారుడి పేర రాసిచ్చిన మర్నాడే కొనేవాడు గుమ్మంలో ఉంటాడు. ఐదేళ్లు తిరిగేసరికి అందులో ఉండేది డాక్టరు గారి అబ్బాయో, కాలేజీ లెక్చరరో. అద్దె ఇళ్లయితే ఆ దారి మూసుకుంటుంది. పైగా స్టేషన్ మీద బతికేవాళ్లలో చాలామంది సీజనుకు వచ్చి పోయే మనుషులు, సొంత ఊళ్లో ఇల్లు ఉన్నవాళ్లు. వాళ్లకు కావాల్సింది ఆస్తి కాదు, అడ్వాన్సు పెద్దగా అడగని గది. లాక్‌డౌన్ కష్టాల తర్వాత 2020లో కేంద్రం వలస కూలీల కోసం చవక అద్దె ఇళ్ల పథకం తెచ్చింది, 2024లో వచ్చిన పీఎంఏవై రెండో దశలో కూడా అద్దె ఇళ్లకు చోటుంది. ఆంధ్ర రాజకీయాల్లో అద్దె ఇల్లు ఓటు తేదు, పట్టా తెస్తుంది. అసలు చిక్కు అక్కడుంది, ఇంజినీరింగ్‌లో కాదు.

కొత్తగా మొదలుపెట్టడానికి డెల్టాలో ఒక చోటు ఇంకా మిగిలి ఉంది. కాకినాడ–కోటిపల్లి లైను రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేస్తే మళ్లీ 2004లో గానీ రైలు చూడలేదు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలనూ దాటాలి. గౌతమిలో స్తంభాలు లేచి ఏళ్లయింది. కోనసీమలో స్టేషన్ వచ్చే చోట ఇప్పటికి కొబ్బరి తోటలే. రైలు కూత వినపడిన రోజున ఆ తోటల ధర ఏ మునిసిపాలిటీకీ అందదు. అమలాపురం స్టేషన్‌కు దక్షిణాన ఐదెకరాలు, మెరక మీద, ఇప్పుడే గీత గీసి పక్కన పెట్టడానికి కలెక్టరు సంతకం ఒకటి, సర్వేయరు గొలుసు ఒకటి చాలు. కూత వినపడ్డాక అదే ఐదెకరాలకు భూసేకరణ నోటీసు, కోర్టు, నష్టపరిహారం, ఆ తర్వాత మళ్లీ ఊరి బయట ఆవ.